నల్లద్దముపై నమ్మకము

కంటివైద్యుని సహనమును హరించు మాట యొక్కటి కలదు, అది "కళ్ళజోడు పెట్టుకున్నాను గదా బాబూ!" అనునది. పాడేరులో ఇనుపగేట్లు అతుకు వెల్డింగు పనివాడును, అరకు ప్రాంతపు పెండ్లి ఊరేగింపులలో రంగుకిరణముల యంత్రములు త్రిప్పు కుర్రవాడును, సంతలో కొన్న ఆకుపచ్చ లేజరు టార్చితో ఎదుటి కొండకు గురిపెట్టు విద్యార్థియు నాకీ మాటనే వినిపించిరి. అద్దము నల్లగా నున్నచో దానివెనుక కన్ను క్షేమమని వారి దృఢవిశ్వాసము. ఆ యద్దము ఏ కాంతిని ఆపుటకు చేసినదని అడిగినచో, అడిగిన నన్నే జాలిగా చూతురు.

వెల్డింగువాని సంగతి నాకంత దిగులు కలిగింపదు. అతినీలలోహిత కిరణములచే నల్లగ్రుడ్డు పైపొర కమలి, అర్ధరాత్రివేళ కంటిలో ఇసుక పోసినట్లు బాధపెట్టగా, తెల్లవారునప్పటికి అతడు తనంతట తానే పరుగెత్తుకొని వచ్చును. ఆముదమో ఆకుపసరో పోసికొననిచో ఒకటి రెండు దినములలో మానిపోవును. బాధపెట్టు జబ్బు ఒక విధమున హితైషియే. లేజరు అట్టిది కాదు. నేత్రపటలమునకు నొప్పి తెలియదు. కంటి కటకమో, ఆ సన్నని కిరణమును మరింత సన్నని బిందువుగా కూర్చి, దాని తీవ్రతను ఇంచుమించు లక్షరెట్లు పెంచి, సూటిచూపునకు స్థానమైన మాక్యులామీదనే నిలుపును. అక్కడ కాలినది మరల మొలవదు. మిల్లీవాటు బలముగల టార్చి ఎదుట రెప్పపాటు మనలను కాపాడవచ్చును గాని, అంతకు వేలరెట్ల యంత్రము ముందర రెప్పకు వ్యవధి యెక్కడిది?

అట్టి యంత్రమొకటి అరకులో బొంగుకోడి అమ్ము పాకల ప్రక్కన, ఒక కొండదొర యువకుని బల్లమీద నుండెను. 450 నానోమీటర్ల నీలికాంతి, 5 వాట్ల బలము. వెదురుముక్కలమీదను, కొయ్య కీచెయిన్లమీదను పర్యాటకుల పేర్లు నిమిషములో చెక్కును. పెట్టెలోనే ఉచితముగా వచ్చిన ప్లాస్టిక్ కళ్ళజోడు అతడు విడువక ధరించెడివాడు, ఆ మాటకు నేను సాక్ష్యమీయగలను. ఒకనాడు ఎవరో ఇత్తడి బిళ్ళమీద పేరు వ్రాయుమనిరి. ఆ మెరుపు తిరిగివచ్చి కంటబడినది. నా యొద్దకు వచ్చునప్పటికి తల్లి ముఖమున కన్నులును చెవులును కనబడుచు, నడుమ ముక్కుండవలసినచోట మసక మచ్చయే కనబడుచుండెను. ఆమె అప్పటికే గూడెపు వైద్యుడైన దిసారికి చూపించినది. కంటిలో పసరేమియు పోయక పంపివేసిన ఆ దిసారికి నేను మనసులోనే నమస్కరించితిని.

"జోడు మంచిదని నీకెట్లు తెలిసినదోయి?" అని అడిగితిని. "పెట్టుకుని ఆ నీలిచుక్కకేసి సూసినాను బాబూ. మసగ్గా అగుపడింది. మంచిదే అనుకున్నాను." కోపమాగక, విషము విషమగునో కాదో త్రాగి చూచెదవాయని గద్దించితిని, గద్దించిన పిదప అతడు తలవంచుకొని మచ్చలేని ప్రక్కనుండి నన్ను చూచుటకు యత్నించుచుండగా, నా నోరు మూతపడినది. స్టెరాయిడ్లు కొందరు వాడుదురు. గుణము నిశ్చయము కాదు. వాపు దిగినకొలది చూపు కొంత రావచ్చును. పటలమున రంధ్రము పడినచో శస్త్రచికిత్స. అంతే.

మేలైన జోడుమీద రెండు సంగతులు అచ్చువేసి యుండును: ఏ తరంగదైర్ఘ్యమునకు చేసినదో, అక్కడ దాని ఆప్టికల్ డెన్సిటీ ఎంతయో. ఆ అంకె 3 అయినచో వేయింట ఒకపాలును, 4 అయినచో పదివేలలో ఒకపాలును లోనికి విడుచును. 5 వాట్లనగా 5,000 మిల్లీవాట్లు. 3 గల అద్దము వెనుక ఇంకను 5 మిల్లీవాట్లు మిగులును, 4 గల అద్దము వెనుక అర మిల్లీవాటు. రెప్పపాటు కాపాడగల హద్దు ఒక మిల్లీవాటు కనుక 4కు తగ్గరాదు, 5 అయిన నిశ్చింత. పవర్ మీటరుగల ప్రయోగశాలలో కిరణమునకు అద్దమడ్డుపెట్టి కొలువవచ్చును గాని, బలహీనకిరణమును ఆపిన ప్లాస్టిక్ పూర్తిబలము తగిలినప్పుడు కరగదని ఆ కొలత చెప్పజాలదు. అందుకే ఐరోపావారి ఈఎన్ 207 ప్రమాణము అద్దము దెబ్బకు నిలుచుటను సైతము పరీక్షింపుమనును. అక్షరము లేని అద్దము అద్దమే కాదు. ఇక చలువ కళ్ళద్దములందురా, అవి చీకటి కల్పించి కనుపాపను విప్పార్చి, దొంగకు తలుపు తీసిపెట్టును.

ఆకుపచ్చ టార్చి కథ ఇంకను విపరీతము. శుక్లము తీయించుకొన్న ఒక అవ్వకు కటకము వెనుకపొర మసకబారగా, విశాఖపట్టణము పోయి లేజరు చేయించుకొమ్మంటిని. "ఉన్న సూపు పోతాదేటి బాబూ?" అని ఆమె వణకిపోయినది. నిమిషములలో ముగియు, 1064 నానోమీటర్ల అదృశ్యకిరణపు చికిత్స అది. అక్కడి వైద్యుని కంటికి యంత్రములోనే వడపోత అద్దముండును. ఆమె భయపడుచుండగా మనుమడు నా గోడమీద ఆకుపచ్చ చుక్కను ఆడించుచుండెను. ఆ 532 నానోమీటర్ల ఆకుపచ్చ పుట్టునది ఆ 1064 నుండియే. చౌక టార్చిలో లోపలి వడపోత లేనిచో ఆ కనబడని కిరణమును ఆకుపచ్చతో కూడ వెలికి వచ్చును. ఆకుపచ్చను మాత్రమే ఆపు ఎర్రజోడు పెట్టుకొన్నవానికి చుక్క మాయమగును, ధైర్యము పెరుగును, కాల్పు మాత్రము సాగుచుండును. అవ్వను బుజ్జగించి పంపితిని. టార్చిని బల్లసొరుగులో వేసికొంటిని. మనుమడు నన్ను క్షమించియుండడు.

చెక్కువానికి సరియైన జోడు వెల చెప్పినప్పుడు "మిషనీకంటె అదే ఎక్కువలాగుంది బాబూ" అని నవ్వినాడు. చివరకు తమ్ముడు రేకుపెట్టె చేయించి యంత్రమును దానిలో మూసినాడు. తలుపు తెరచిన కరెంటు ఆగిపోవు ఏర్పాటును చేసినాడు. ఇద్దరును లోనికి చూడరు. చిక్కంతయు పట్టణమునుండి వచ్చు బాబులతోనట: తమ పేరు కాలుచుండగా చూడకున్న సరదా యేమని, నెత్తిమీది చలువ కళ్ళజోళ్ళు ముక్కుమీదికి దించుకొని, "మాకేం కాదులే, ఆ స్విచ్చి తీసేసి తలుపు తెరువు" అనుచున్నారట.