పడుగు మీదుండగా...

నాన్న దినాలు అయిపోయిన మర్నాడే అన్నయ్య ఆ మాట ఎత్తాడు. గద్వాలలో మా ఇంటి ముందు గది మొత్తం గుంట మగ్గానిదే. "నేసేటాయనే లేడు. మగ్గం ఇప్పి, గుంట పూడ్చి బండలేస్తే గది కిరాయికి పోతది" అన్నాడు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన అక్క సరేనంది. నేనూ తలూపాను.

అమ్మ ఒప్పుకోలేదు. "పడుగు మీదుండంగ మగ్గమెట్ల ఇప్పుతర్రా? నూలు, పట్టు షావుకారువి. అంచు దిక్కు కూసున్న పిల్లగానికి కూలి బాకీ ఉంది. చీరె చెప్పినామె బిడ్డ పెండ్లికి ఎదురుచూస్తున్నది. మీ నాయన పోయిండు గానీ వాళ్లు ముగ్గురు ఉన్నరు గదా!"

సగంలో ఉన్న ఆ చీరెను కోసి ఇవ్వడానికీ లేదు. గద్వాల చీరెకు ఒళ్లు నూలు, అంచు పట్టు. కుప్పడం నేతలో ఆ రెండు పేకలూ వరుసవరుసకూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

బెంగళూరుకు తిరిగొచ్చేసరికి నా మీద ఒక బగ్ కూర్చుని ఉంది. వనపర్తి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో చదువుకున్న నేను ఇప్పుడు లైనక్స్ డ్రైవర్లు రాస్తుంటాను. ప్రోగ్రామ్ వాడుకుంటుండగా యూఎస్‌బీ వైరు పీకితే చాలు, మొత్తం సిస్టమే కుప్పకూలుతోంది. తప్పు నాదే. డివైస్ ఊడగానే దాని మెమరీ కూడా దానంతటదే ఖాళీ అయ్యేలా రాశాను. ప్రోగ్రామ్ చేతిలో ఫైల్ ఇంకా తెరిచే ఉంది. అది మళ్లీ చదవబోయి, లేని మెమరీని ముట్టుకుంది.

నేను చేసింది పడుగు మీదుండగా మగ్గం ఇప్పడమే!

దీనికోసమే కెర్నల్‌లో 2004 నుంచి 'కెరెఫ్' అనే లెక్క ఉంది. అది ఒకటితో మొదలవుతుంది. వాడుకునేవాళ్లు వస్తే ఒకటి పెంచాలి, వదిలేస్తే ఒకటి తగ్గించాలి. సున్నాకు వచ్చినప్పుడే మెమరీ విడుదల. తగ్గించడం మరిచిపోతే ఆ మెమరీ ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. ఒకసారి ఎక్కువ తగ్గిస్తే ఇంకా వాడుతున్నవాళ్ల కాళ్ల కింద నేల పోతుంది. ఫైల్ తెరిచినప్పుడు పెంచి, మూసినప్పుడు తగ్గించాను. వైరు పీకితే 'డివైస్ లేదు' అని గుర్తుపెట్టి, డ్రైవర్ వంతు ఒక్కటి మాత్రమే తగ్గించాను. ఆ తర్వాత చదవబోతే ఎర్రర్ వస్తుంది, సిస్టమ్ మాత్రం నిలబడుతుంది.

అక్కడ అమ్మ కూడా అదే చేసింది. కొత్త పడుగు ఒప్పుకోలేదు. నాన్న స్నేహితుణ్ని పిలిపించి మిగతా చీరె నేయించింది. చీరె షావుకారు చేతికి, ఆయన దగ్గర్నుంచి పెళ్లింటికి చేరింది. పిల్లగాని కూలి ముట్టింది. ఆ సాయంత్రం అన్నయ్యకు తనే చెప్పింది: "ఇగ ఇప్పుండ్రి."

ఇప్పుడా గదిలో కిరాయికి ఉంటున్నారు. నాన్న నాడె మాత్రం ఎవరికీ చెప్పకుండా నేను తెచ్చుకున్నాను. నా బల్ల మీదే ఉంది. డ్రైవర్ లెక్కలో అయితే ఇదొక లీకు. దీన్ని సరిచేయాలని మాత్రం నాకు లేదు.