నలుపు తెలుపుల నడుమ

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి కుటుంబంలో పుట్టిన ఒక యువకుడు, 1980వ దశకంలో, మరమగ్గం ముందు నిలబడిన తండ్రిని ఫోటో తీశాడు. షెడ్డంతా చీకటి, కిటికీలో మండుటెండ, మగ్గం మీద తెల్లని గుడ్డ.

ఆ రోజుల్లో అతనికి గాఢమైన నలుపన్నా, మెరిసే తెలుపన్నా మోజు. అందుచేత నలుపు తెలుపుల భేదాన్ని పెంచి చూపే 4వ నంబరు కాగితం మీద ఆ ఫోటోను ముద్రించాడు. మిత్రులు మెచ్చుకున్నారు. తల్లి మాత్రం చాలాసేపు చూసి, "ఇందుల మీ నాయిన మొఖమేది బిడ్డా?" అన్నది. అతడు నవ్వి ఊరుకున్నాడు.

కొన్నేళ్లకు తండ్రి మరణించాడు. ఆయన ఒక్కడే ఉన్న ఫోటో ఇంట్లో మరొకటి లేదు. అప్పుడు తల్లి ప్రశ్న అతణ్ణి వేధించసాగింది.

అమెరికా ఛాయాచిత్రకారులు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతిని అతడు శ్రద్ధగా అభ్యసించాడు. అందులో కటిక నలుపు 0, తెల్లకాగితం 10, నడిమి బూడిదరంగు 5. ముఖంలోని ముడతలు, కంటికింది నీడ, చెంప నునుపు చాలావరకు ఆ మధ్య మెట్లలోనే ఉంటాయి. నీడలను బట్టి ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. వెలుగులను బట్టి డెవలప్ చేయాలి. నీడలో ఫిల్ముకు అందని వివరాన్ని తర్వాత ఏ రసాయనమూ తేలేదు. వెలుగు మితిమీరిన చోట డెవలపర్‌లో ఉంచే కాలాన్ని కొంత తగ్గిస్తే తెలుపు అదుపులో ఉంటుంది.

పాత నెగటివ్‌ను దీపానికెదురుగా పట్టి చూశాడు. పలుచగానే అయినా తండ్రి ముఖం అందులో ఉంది. తప్పు ఫిల్ముది కాదు, ముద్రించిన చేతిది.

ఈసారి 1వ నంబరు మెత్తని కాగితం తీసుకున్నాడు. తీగకు గుచ్చిన అట్టముక్కను ఎన్‌లార్జర్ వెలుగులో కదిలిస్తూ ముఖానికి కొన్ని సెకన్లు నీడపట్టాడు. కిటికీ భాగానికి మాత్రం అదనంగా వెలుగిచ్చాడు. ఎర్రదీపం కింద, డెవలపర్ తొట్టిలో మొదట మగ్గం తేలింది, పిదప భుజం, ఆపైన మెల్లగా ముఖం.

ఆ ప్రతిలో నలుపు మునుపటంత గాఢంగా లేదు. చప్పగా ఉందని ఒక మిత్రుడు పెదవి విరిచాడు. తల్లి దానిని చేతికి తీసుకుని, కనుబొమ మీది చిన్న మచ్చను వేలితో తడిమింది.

"నాడె ఎగిరి తగిలిన దెబ్బ," అన్నది.

మునుపటి ప్రతిని ఆమె ఎన్నడూ గోడకు తగిలించలేదు. ఇది మరునాడే గోడకెక్కింది.