వెనకద్దం ఎక్కించిన రోజు

మాది సోలాపూర్. నా పికప్ బండిలో చద్దర్ల మూటలు, నూలు బీములు తోల్త. మొన్న బ్రేకు వేస్తే బీము జరిగి వెనకద్దానికి తగిలింది. అద్దమంతా కలకండ పలుకుల్లా రాలింది. బిగించే కూలి అడిగితే నా ఒక రోజు బాడుగంత చెప్పిన్రు. అద్దం మాత్రం కొని ఇంటికి తెచ్చిన.

మా బండి అద్దం రబ్బరు పట్టీ మీద నిలుస్తది. గమ్ముతో అతికించినదైతే ఇంట్ల ముట్టుకోవద్దు. చేతులకు గుడ్డ చుట్టుకొని పాత రబ్బరు తీసి, గాడిలో ఒక్క గాజు నలుసు లేకుండా తుడిచిన. నలుసుంటే కొత్తది కూడా పగుల్తది. రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, రేకు పట్టే గాడిలో నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలు కింద నడుమ లోపలికి వదిలిన. సబ్బునీళ్లు పూసిన.

నాయిన లోపల కూర్చున్నడు. 30 ఏండ్లు సాంచాల మీద తెగిన పోగులు అతికిన చేతులు. మిల్లు మూసినంక, "నాతోని ఏమైతది" అనేటోడు. నేను బయట నుంచి అదిమి, "గుంజు నాయినా" అన్న.

"ఆగురా, తొందరపడితే మూల పగుల్తది" అని జానెడు జానెడే లాగిండు. తాడు వచ్చినకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికెక్కింది.

బక్కెటెడు నీళ్లు పోసినం. చుక్క దిగలేదు. రాత్రి అన్నం తింటూ అమ్మతో, "ఇయాల మేమే అద్దం ఎక్కించినం" అన్నడు. మిల్లు మూసినంక ఆయన నోట పని ముచ్చట వినుడు అదే మొదలు.

ఇప్పుడు బీముకు అడ్డంగా కట్టె పెట్టి తోల్తున్న.