దేవుడిచ్చిన వరం, పూజారి ఇవ్వని వరం

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. కచేరీల చుట్టూ తిరిగి అలసిన వాళ్ళ నోట తరచుగా వింటూంటాం. అమెరికా సుప్రీం కోర్టు తీర్పులలో ఒక వరుస చదువుతున్నప్పుడు, అవన్నీ ఈ సామెతకే వ్యాఖ్యానాలేమో అనిపించింది. శిక్ష పడిన మనిషికి పై కోర్టుకు వెళ్ళే హక్కును చట్టం ప్రసాదించింది. వెళ్ళాలంటే గడువులోగా ఒక కాగితం దాఖలు చెయ్యాలి. చెయ్యవలసిన వకీలు చెయ్యలేదు. గడువు దాటింది. తప్పు వకీలుది, జైలు ముద్దాయిది. ఇప్పుడతనికి గతి ఏమిటి?

ఆ కాగితాన్ని అప్పీలు నోటీసు అంటారు. అందులో వాదనలుండవు, సాక్ష్యాలుండవు. ఫలానా తీర్పు మీద అప్పీలుకు వెళ్తున్నానని తెలియజేయడమే దాని పని. నింపడానికి పావుగంట చాలు. కాని ఫెడరల్ కోర్టులలో శిక్ష పడిన వాడికి దానికున్న గడువు 14 రోజులు. ఆ తరువాత మిగిలే ముఖ్యమైన దారి: "నా న్యాయవాది తన ధర్మం నెరవేర్చలేదు, కనుక నా అప్పీలు నాకు తిరిగి ఇప్పించండి" అని వేరే పిటిషను పెట్టుకోవడం.

ఆ దారిలో మొదటి గుమ్మం 1984 నాటి స్ట్రిక్లాండ్ తీర్పు. న్యాయవాది అసమర్థత వల్ల అన్యాయం జరిగిందనే వ్యక్తి రెండు విషయాలు నిరూపించాలని జస్టిస్ శాండ్రా డే ఓకానర్ అందులో రాశారు. ఒకటి, వకీలు పని ప్రమాణానికి తగ్గట్టుగా లేదని. రెండు, ఆ లోపమే లేకుంటే ఫలితం మరోలా ఉండగల అవకాశం గట్టిగా ఉన్నదని. విచారణలో జరిగిన పొరపాట్లకు ఇది బాగానే అమరుతుంది. అసలు జరగనే జరగని అప్పీలుకు ఎలా అమర్చడం? హాలు టిక్కెట్టు అందక పరీక్షకు కూర్చోలేకపోయిన పిల్లవాణ్ణి, "కూర్చుని ఉంటే పాసయ్యేవాడివని ముందు రుజువు చెయ్యి, అప్పుడు టిక్కెట్టు ఇస్తాం" అంటే ఎలా ఉంటుంది? పైగా ఈ పిల్లవాడు జైల్లో ఉన్నాడు, పక్కన వకీలు లేడు. అలాంటి రుజువు అడగరాదని 1969లోనే, రొడ్రిగెజ్ అనే వ్యక్తి కేసులో, ఆ కోర్టు చెప్పింది.

ఈ చిక్కుకు విపులంగా సమాధానం దొరికింది 2000 సంవత్సరంలో, ఫ్లోరెస్-ఒర్తేగా కేసులో. కాలిఫోర్నియాలో 1993లో హత్యానేరం ఒప్పుకున్న ఈ ముద్దాయికి ఇంగ్లీషు రాదు, కోర్టులో దుబాసీ ద్వారా వినవలసిందే. అప్పీలుకు 60 రోజులున్నాయని జడ్జి చెప్పాడు. అప్పీలు కాగితాలు తీసుకురావాలని ప్రభుత్వం తరఫున అతనికి ఇచ్చిన వకీలు తన ఫైలులో రాసుకున్నారు కూడా. కాగితాలు మాత్రం దాఖలు కాలేదు. నాలుగు నెలల తరువాత అతనే స్వయంగా ప్రయత్నిస్తే గడువు దాటిందని తిప్పి పంపారు.

తీర్పు రాసింది మళ్ళీ ఓకానర్ గారే. అప్పీలు చెయ్యమని ముద్దాయి స్పష్టంగా చెప్పినా చెయ్యని వకీలుది నిస్సందేహంగా లోపమే. అతను ఏమీ చెప్పకపోతే, వకీలు అతనితో కూర్చుని మంచిచెడ్డలు వివరించి అతని మనసు తెలుసుకున్నాడా అన్నది చూడాలి. అప్పీలు కోరుకోవడానికి సహేతుకమైన కారణం ఉన్నచోట, లేదా ముద్దాయి తన ఆసక్తిని సహేతుకంగా తెలియజేసినా, అడిగి తెలుసుకోవడం వకీలు విధి. ఇక నష్టం సంగతి: "నువ్వు గెలిచేవాడివా?" అని కోర్టు అడగదు. "వకీలు సరిగా ఉంటే నువ్వు అప్పీలుకు వచ్చేవాడివా?" అని మాత్రమే అడుగుతుంది. ఫ్లోరెస్-ఒర్తేగాకు మాత్రం వెంటనే ఊరట రాలేదు. వకీలు అతనితో సంప్రదించారో లేదో తేల్చమని కేసును కింది కోర్టుకు తిప్పి పంపారు.

నాకు నచ్చినది ఆ ప్రశ్న మారిన తీరు. వినిపించుకునే హక్కు వేరు, గెలిచే అర్హత వేరు. రెండోది లేదన్న అనుమానంతో మొదటిదాన్ని లాక్కోకూడదు.

2019లో ఐడహో నుంచి వచ్చిన గార్జా కేసు దీనికి మరింత కఠినమైన పరీక్ష పెట్టింది. ఆ ముద్దాయి నేరం ఒప్పుకుంటూ, అప్పీలు చెయ్యనని ఒప్పందం మీద సంతకం కూడా చేశాడు. శిక్ష పడ్డాక మనసు మార్చుకుని అప్పీలు వెయ్యమన్నాడు. హక్కు వదులుకున్నావు కదా అని వకీలు వెయ్యలేదు. ఆరుగురు న్యాయమూర్తులు ముద్దాయి పక్షాన నిలిచారు. ఏ ఒప్పందమూ అన్ని అభ్యంతరాలకూ తలుపు మూయలేదని, నోటీసు దాఖలు చెయ్యడం గుమాస్తా పనివంటిదని జస్టిస్ సోతోమయోర్ రాశారు. సంతకం చేసినవాడి మాట కాదని నోటీసు వేస్తే ఒప్పందంతో దక్కిన లాభమే పోవచ్చునన్న వకీలు భయం సహేతుకమేనని జస్టిస్ థామస్ అసమ్మతి. ఆ వాదనలోనూ బలముంది. అయితే ఆ దేశంలో ఫెడరల్ శిక్షలలో 97 శాతం, రాష్ట్రాలలో 94 శాతం నేరాంగీకారం వల్లనే పడుతున్నాయని 2012లో అదే కోర్టు పేర్కొంది. ఒప్పుకున్నవాళ్ళకు తలుపు మూస్తే, ఇక తెరిచేది ఎవరికి?

ఊరట దొరికిన చోట దాన్ని అమలుచేసే పద్ధతి చిత్రంగా ఉంటుంది. ఫెడరల్ కోర్టులలో సాధారణంగా పాత తీర్పును రద్దుచేసి, అదే తీర్పును అదే శిక్షతో కొత్త తేదీ వేసి మళ్ళీ ప్రకటిస్తారు. మారేది తేదీ ఒక్కటే. గడువు మళ్ళీ మొదలవుతుంది.

ఈ దయకు ఒక సరిహద్దు ఉంది. వర్జీనియాలో మరణశిక్ష పడిన కోల్మన్ తరఫున అతని వకీళ్ళు నోటీసును మూడు రోజులు ఆలస్యంగా వేశారు. అది మొదటి అప్పీలు కాదు, ఆ తరువాతి పిటిషను మీది అప్పీలు. ఆ దశలో వకీలును పొందే రాజ్యాంగ హక్కే లేదు కనుక వకీలు తప్పును కక్షిదారే భరించాలని 1991లో తీర్పు వచ్చింది. రాసింది ఓకానర్ గారే! 1992లో అతన్ని ఉరుములేని పిడుగులా కాక, అందరూ చూస్తూండగానే చట్టప్రకారం చంపారు. 2006లో జరిపిన డీఎన్‌ఏ పరీక్ష అతని నేరాన్నే ధ్రువపరచింది. అయినా మూడు రోజుల లెక్క నన్ను వదలదు. అది న్యాయమే అయితే, నిర్దోషికీ అదే న్యాయం వర్తిస్తుంది కదా.

మన దేశంలో దారి వేరు. గడువు దాటినా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు 1963 నాటి లిమిటేషన్ చట్టం అయిదో సెక్షనులో ఉంది. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి చేతికే ఇవ్వవచ్చు. అయినా పూజారులు ఇక్కడా ఉన్నారు. 1978లో హొస్కోట్ కేసులో తీర్పు నకలు తనకు అందనే లేదన్నాడు ఖైదీ. నాలుగేళ్ళ పైచిలుకు ఆలస్యంగా సుప్రీం కోర్టుకు వచ్చేసరికి మూడేళ్ళ శిక్ష అనుభవించడం కూడా అయిపోయింది. కోర్టు అతని పిటిషను కొట్టివేసింది కాని, ఖైదీకి తీర్పు నకలు ఉచితంగా, వెంటనే అందాలని, స్తోమత లేనివాడికి అప్పీలుకు వకీలునివ్వాలని జస్టిస్ కృష్ణయ్యర్ శాసించారు.

వీటన్నిటికంటే నాకు మేలనిపించినది అమెరికా ఫెడరల్ నిబంధనలలోని ఒక చిన్న వాక్యం. శిక్ష విన్న ముద్దాయి కోరితే, కోర్టు గుమాస్తాయే అక్కడికక్కడ నోటీసు తయారుచేసి దాఖలు చెయ్యాలట. పూజారి పక్కకు తప్పుకున్నా పళ్ళెం అందించే చెయ్యి ఒకటి గుడిలోనే ఉందన్నమాట. అయితే అలా అడగవచ్చునని ఆ మనిషికి, అతని భాషలో, ఎవరైనా చెప్పాలి.