సూత్రం కనిపిస్తే చాలా?

మనం లేటెక్‌లో సూత్రం కొడతాం, పీడీఎఫ్‌లో ముద్దుగా వస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. 1977లో తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు నచ్చకే డొనాల్డ్ క్నూత్ 'టెక్' తయారీకి పూనుకున్నాడు. లేటెక్ దాని మీద కట్టిందే. ఆయన తపనంతా కాగితం మీద సూత్రం అందంగా పడాలని. మరి ఫోన్లో చదివేవాళ్ళ సంగతేంటి?

మేం నలుగురం ఆదివారాలు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్ళి 10వ తరగతి పిల్లలకు లెక్కలు చెప్తుంటాం. వాళ్ళలో ఒక చెల్లికి చూపు తక్కువ. వాట్సాప్‌లో తిరిగే నోట్స్ ఫొటోలను వేళ్ళతో సాగదీసి చదువుకుంటుంది. "అన్నా, పెద్దగ చేస్తే మసకమసక అయితుంది. ఈడ ఉత్త ప్లస్సేనా, కింద గీత కూడా ఉందా?" అని అడిగింది. వర్గ సమీకరణం సూత్రంలో ఆ చిన్న గీత కనబడకపోతే రెండు మూలాల్లో ఒకటి గల్లంతే!

ఫొటో అంటే చుక్కల గుంపు. సాగదీస్తే చుక్కలే పెద్దవవుతాయి. ఎస్వీజీ ఫైల్లో చుక్కలుండవు, "ఇక్కడ్నుంచి అక్కడికి ఈ వంపుతో గీత గియ్యి" అనే లెక్కలుంటాయి. ఎంత పెంచినా ఫోన్ మళ్ళీ కొత్తగా గీస్తుంది కాబట్టి అంచు చెదరదు.

చేయడం కష్టమేం కాదు. స్టాండలోన్ క్లాసులో సూత్రం రాస్తే చుట్టూ ఖాళీ లేకుండా పేజీ కత్తిరించి వస్తుంది. లేటెక్ ఇచ్చిన డీవీఐ ఫైల్‌ని డీవీఐఎస్వీజీఎం అనే ఉచిత టూల్‌కి ఇస్తే ఎస్వీజీ వస్తుంది. 'నో ఫాంట్స్' ఆప్షన్ తప్పకుండా పెట్టండి. అప్పుడు అక్షరాలన్నీ గీతలుగా మారతాయి, ఏ ఫోన్లోనైనా ఒకేలా కనిపిస్తాయి. సూత్రం మధ్యలో తెలుగు మాటలుంటే జీలేటెక్ వాడి, పీడీఎఫ్ బదులు ఎక్స్‌డీవీ ఫైల్ తీసుకోవాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి.

అలా చేసినవన్నీ ఒక వెబ్ పేజీలో పెట్టి లింకు పంపాం. గీత కనబడింది. కానీ సాయంత్రానికి ఆమె కళ్ళు అలసిపోతాయి, ఇక ఫోన్ చదివి వినిపించాల్సిందే. అక్షరాలు గీతలైపోయాక ఫోన్‌కి చదవడానికి ఏం మిగులుతుంది? "ఇమేజ్" అని ఊరుకుంటుంది.

అందుకే ప్రతి బొమ్మకీ 'ఆల్ట్' అనే చోట తెలుగులో మాటలు రాస్తున్నాం: "మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, వర్గమూలం లోపల బి స్క్వేర్ మైనస్ 4ఏసి, వర్గమూలం అయిపోయింది, ఇదంతా బై 2ఏ." "అయిపోయింది", "ఇదంతా" తీసేసి చదవండి. రూట్ ఎక్కడిదాకా ఉందో, 2ఏ దేని కిందుందో తెలియదు. కంటికి అడ్డగీత చెప్పేదాన్ని చెవికి మాటే చెప్పాలి.

మార్చే పని కంప్యూటర్ క్షణంలో చేసేస్తుంది. వినగానే అర్థమయ్యే తెలుగు వాక్యం మాత్రం మనమే రాయాలి. త్రికోణమితి మొత్తం ఇంకా మిగిలే ఉంది. కథలు, కవితలు రాసే క్లబ్ మనది, ఆదివారం ఓ గంట ఇవి కూడా రాద్దాం, వస్తారా?