పాత కారు చెప్పు మాటలు

మా విశాఖపట్టణమున సముద్రపు ఉప్పుగాలి యినుమును మెల్లగా తినివేయును. కార్ల తీగెల యతుకులకు చిలుము పట్టించును. మా పాత కారున ఏ.బి.యస్. దీపము వెలుగగా, సెన్సారు మార్పవలెనని యొకరును, దీపమునే తీసివేయుడని మరియొకరును చెప్పిరి. మేము ముందుగా చక్రముకడ నున్న తీగె యతుకును శుభ్రము చేయించితిమి. దీప మారెను.

ఇక అదురు. అది యెప్పుడు పుట్టుచున్నదో గుర్తించుటయే సగము వైద్యము. బండి నిలిచియుండగా అదిరిన స్పార్కు ప్లగ్గులను, ఇంజను మౌంటులను చూపవలెను. గాజువాక దారిని వేగము హెచ్చినపుడే అదిరిన చక్రముల బ్యాలెన్సును, బ్రేకు నొక్కినపుడే అదిరిన బ్రేకు డిస్కులను పరీక్షింపజేయవలెను. మా బండికి కలిగినది కడపటిదే. పిల్లలతో సింహాచలము కొండ దిగువేళ బ్రేకులే గదా ప్రాణాధారము! డిస్కులు మార్పించిన పిమ్మటనే స్వామి దర్శనమునకు బయలుదేరితిమి.

సోదరీమణులారా! పసుపు దీపము హెచ్చరిక. ఎఱ్ఱని నూనె దీపము ఆజ్ఞ. అది వెలిగిన బండిని ప్రక్కకు తీసి వెంటనే ఇంజను నాపింపుడు.