రాత్రి రెండు గంటల హీరో

మన సినిమాల్లో ఆస్పత్రి సీను ఎలా వుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తలుపు మీద ఎర్రలైటు ఆరుతుంది. డాక్టరుగారు బయటికొచ్చి, కళ్ళజోడు తీసి, "ఆపరేషన్ సక్సెస్" అంటారు. హీరోయిన్ దేవుడికి దండం పెడుతుంది. కట్ చేస్తే పాట! కానీ అసలు కథ ఆ ఎర్రలైటు ఆరాకే మొదలవుతుందనీ, అందులో హీరో వేరే వాడనీ నాకు 2018లో తెలిసింది.

ఆ యేడు విజయవాడలో మా బాబాయికి పొట్ట ఆపరేషన్ అయింది. బాగానే అయింది. రెండో రోజు రాత్రి తోడుగా నేనున్నాను. కుట్ల నొప్పికి భయపడి ఆయన గట్టిగా ఊపిరి పీల్చడు. దగ్గొస్తే బిగబట్టేస్తాడు. గొంతులో ఒకటే గురగుర! అర్ధరాత్రి దాటేసరికి, వేలికి తగిలించిన మిషన్లో ఆక్సిజన్ అంకె 95 నుంచి 88కి దిగింది. మాస్కు పెట్టారు. అంకె కాస్త కదిలి మళ్ళీ మొరాయించింది.

"కఫం అడ్డుపడిందండీ. ఫిజియోథెరపీ ఆయన రావాలి" అంది సిస్టర్. ఆయన డ్యూటీ సాయంత్రమే అయిపోయిందట! ఫోన్ చేస్తే పాపం, రెండు గంటలకి వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. నిద్రకళ్ళు, కాళ్ళకి హవాయి చెప్పులు.

రాగానే బాబాయిని లేపి కూర్చోబెట్టాడు. దిండొకటి చేతికిచ్చి పొట్టకి అదిమి పట్టుకోమన్నాడు.

"కుట్లు ఊడతాయేమో అబ్బాయ్!"

"దిండు కాపలా వుందిగా బాబాయిగారూ! ఇప్పుడే దగ్గకండి. అద్దం మీద ఆవిరి పట్టిస్తున్నట్టు 'హా' అని వదలండి, చాలు."

నిదానంగా నాలుగు ఊపిర్లు, రెండు 'హా'లు, కాస్త విశ్రాంతి... మళ్ళీ మొదలు. పక్కటెముకల మీద అరచేతులు ఆనించి, ఊపిరి వదిలేటప్పుడల్లా సన్నగా కదిలిస్తూ నొక్కాడు. ముప్పావుగంటకి చిక్కటి తెమడ బయటపడింది. అంకె 94! ఏ సినిమా క్లైమాక్సూ నన్నలా కుర్చీ అంచున కూర్చోబెట్టలేదు.

కిటుకేమిటో తర్వాత తనే చెప్పాడు. మత్తుమందు, నొప్పి, వెల్లకిలా పడుకోవడం - ఈ మూడూ కలిస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుందట. అక్కడ కఫం పేరుకుంటుంది. ముదిరితే న్యుమోనియా! దారి పూడుకుపోయాక పైనుంచి ఎంత ఆక్సిజన్ ఇస్తే మాత్రం లోపలికెలా వెళ్తుంది? అన్నట్టు, మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు చూడండి, అది ఊదడానికి కాదు. గాలి లోపలికి పీల్చి బంతులు లేపడానికి!

కఫానికి ఆఫీసు టైములు తెలీవు. అందుకే ఇంగ్లండు ప్రభుత్వాసుపత్రుల్లో రాత్రిళ్ళు కబురు పెడితే వచ్చే ఫిజియోల ఏర్పాటు వుంది. ఊపిరికి రాత్రీ పగలూ కాపలా కాస్తే ఏమవుతుందో 1952లోనే డెన్మార్క్ లోకానికి చూపించింది. కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. మొదటి మూడు వారాల్లో ఊపిరి మిషన్ల మీద పెట్టిన 31 మందిలో 27 మంది పోయారు. అప్పుడు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతుకి గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి ఊపిరి అందించే పద్ధతి పెట్టాడు. నొక్కేదెవరు? దాదాపు 1500 మంది విద్యార్థులు, షిఫ్టుల వారీగా, రేయింబవళ్ళు! చావులు బాగా తగ్గాయి. వాళ్ళంతా మీ వయసు వాళ్ళే సుమా!

మన దగ్గర రాత్రి డ్యూటీకి ఫిజియోలుండే ఆస్పత్రులూ వున్నాయి, లేనివీ వున్నాయి. కనక మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషనంటే, గదికి ఏసీ వుందా, టీవీ వుందా అని అడిగే ముందు ఇంకో మాట అడగండి: "రాత్రిళ్ళు ఫిజియోథెరపీ వాళ్ళు వుంటారాండీ?" పదిమందీ అడిగితే, లేనిచోట కూడా పెడతారు. జనం అడగనిదే ఏదీ రిలీజు కాదు కదా!